ఆటిజం ఉన్న నాలుగేళ్ల బాబుకు వారానికి రెండు రోజుల థెరపీ సరిపోతుందా? ఊరు మారాలా?

మీ ప్రశ్నను ముందు నాకు అర్థమైనట్టు చెప్తాను. మీరు పాకాల దగ్గర పల్లెలో ఉంటారు. బాబుకు నాలుగేళ్లు. ఆటిజం అని డాక్టరు చెప్పారు. మాటలు నాలుగైదే వచ్చాయి, జుట్టు కత్తిరించనివ్వడు, పెరుగన్నం, మురుకులు తప్ప ఏమీ తినడు. వారానికి రెండు రోజులు తిరుపతికి తీసుకొచ్చి ముప్పావుగంట ఆక్యుపేషనల్ థెరపీ (ఓటీ, రోజువారీ పనులు బిడ్డ తనే చేసుకునేలా నేర్పే థెరపీ) చేయిస్తున్నారు. ఇంకో సెంటర్‌వాళ్లు "వారానికి ఐదు రోజులు రాకపోతే లాభం లేదు" అన్నారు. బంధువులు బెంగళూరుకు మారిపొమ్మంటున్నారు. మీ అత్తగారేమో "వాళ్ల నాయనకూ ఐదేళ్లకే మాటలొచ్చినాయి, ఈ తిరుగుడంతా ఎందుకు" అంటున్నారు.

తిరుపతిలో పిల్లల ఆక్యుపేషనల్ థెరపిస్టుగా (మమ్మల్నీ ఓటీ అనే అంటారు) చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. మీలాంటి అమ్మలు ఈ ప్రశ్న అడగని వారం ఉండదు.

సూటిగా చెప్తాను: ఊరు మారొద్దు. వారానికి రెండు రోజుల ఓటీ చాలు, కానీ ఆ రెండు రోజుల్లో థెరపిస్టు బాబుతో పాటు మీకూ నేర్పాలి. దాంతో పాటు స్పీచ్ థెరపీ కూడా మొదలుపెట్టండి. వీలైతే అదే రోజుల్లో పెట్టుకుంటే మీకు ఇంకో ప్రయాణం తప్పుతుంది. మీకు నేర్పకుండా తలుపు మూసి, ముప్పావుగంట తర్వాత బిడ్డను చేతిలో పెట్టి పంపించే చోటైతే వారానికి ఐదు రోజులు తిరిగినా నాకు నమ్మకం లేదు.

ఎందుకో చూడండి. వారంలో 168 గంటలు. అందులో మీవాడు థెరపీ గదిలో ఉండేది గంటన్నర. మిగతా సమయమంతా మీ ఇంట్లో, మీ వీధిలో, మీ చేతుల్లోనే ఉంటాడు. స్నానం, అన్నం, చొక్కా తొడుక్కోవడం, నిద్ర, అక్కతో ఆట అన్నీ అక్కడే జరుగుతాయి. నాలుగేళ్ల పిల్లవాడు ఒక చోట నేర్చుకున్నది ఇంకో చోట తనంతట తాను చేయడం కష్టం, ఆటిజం ఉన్న పిల్లలకు ఇంకా కష్టం. మా సెంటర్లో చక్కగా గ్లాసు పట్టుకుని నీళ్లు తాగే పిల్లలు ఇంట్లో ఆ గ్లాసు ముట్టుకోకపోవడం మాకు రోజూ కనిపించేదే. ఏ పని ఎక్కడ అవసరమో అక్కడే నేర్పితే నిలుస్తుంది.

ఇది నా ఒక్కదాని అభిప్రాయం అనుకోకండి. గోవాలోనూ, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ నిపుణులు కాని ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, వాళ్ల ద్వారా తల్లిదండ్రులకు బిడ్డతో ఎలా మెలగాలో నేర్పించి చూశారు. ఆ ఫలితాలు 2016లో వచ్చాయి. తల్లిదండ్రులు బిడ్డకు స్పందించే తీరు మెరుగైంది, బిడ్డ తనంతట తాను అమ్మానాన్నల వైపు తిరగడం పెరిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఎదుగుదల ఆలస్యమైన 2 నుంచి 9 ఏళ్ల పిల్లల కుటుంబాల కోసం ఒక శిక్షణ కార్యక్రమం రూపొందించింది. అందులో తొమ్మిది గ్రూపు తరగతులు, మూడు సార్లు ఇంటికి రావడం ఉంటాయి. అదంతా ఇంటి పనుల్లోనే, ఆటల్లోనే నేర్పే పద్ధతి.

బెంగళూరు విషయం. నా దగ్గరికి వచ్చే ఒక కుటుంబం అలాగే మారింది. నాన్న ఉద్యోగం ఇక్కడే కాబట్టి ఆయన ఉండిపోయారు. అమ్మ, బాబు ఒక్క గదిలో అద్దెకు దిగారు. థెరపీ గంటలు పెరిగాయి. కానీ పొద్దున లేస్తే పలకరించే తాత లేడు, ఎత్తుకునే పిన్ని లేదు, గేటు దగ్గర ఆవు లేదు. సాయంత్రానికి అమ్మ అలసిపోయి ఫోన్ చేతిలో పెట్టేది. ఏడాదిలోపే వెనక్కి వచ్చేశారు. ఆమెను తప్పుపట్టడానికి చెప్పడం లేదు, ఆమె స్థానంలో ఎవరున్నా అంతే చేస్తారు. మాటలు రావలసిన బిడ్డకు చుట్టూ మనుషులు కావాలి. వాళ్లు మీ ఇంట్లో ఉన్నారు.

ఓటీ అంటే ఏమిటో కూడా కొంచెం చెప్పాలి, ఎందుకంటే చాలామంది దాన్ని ఉయ్యాల ఊపడం, పెద్ద బంతి మీద దొర్లించడం అనుకుంటారు. అవి సాధనాలు. బిడ్డ తన వయసుకు తగ్గ పనులు తాను చేసుకోవడమే లక్ష్యం: తినడం, తొడుక్కోవడం, బాత్రూమ్‌కు వెళ్లడం, ఆడుకోవడం, తర్వాత పెన్సిల్ పట్టడం. ఆ ఉయ్యాలలు, బంతులు ఎక్కువగా సెన్సరీ ఇంటిగ్రేషన్ అనే పద్ధతి నుంచి వచ్చాయి. స్పర్శ, కదలిక, శబ్దం లాంటివాటిని బిడ్డ మెదడు సర్దుకోవడానికి సాయం చేయడమే దాని ఉద్దేశం. జీన్ ఆయర్స్ అనే అమెరికన్ ఓటీ దాన్ని రూపొందించారు. కొంతమంది పిల్లలకు ఇది బాగా ఉపయోగపడడం నేను చూశాను. కానీ అమెరికాలోని పిల్లల డాక్టర్ల అకాడమీ 2012లోనే ఒక మాట చెప్పింది: దీని మీద పరిశోధన ఇంకా పరిమితంగానే ఉంది కాబట్టి, పని చేస్తోందో లేదో ఎలా తెలుసుకోవాలో ముందే తల్లిదండ్రులతో మాట్లాడుకోవాలి అని. నేను అదే పాటిస్తాను. "మూడు నెలల్లో ఇంట్లో ఏం మారాలి?" అనేది రాసుకోకుండా ఎవరికీ మొదలుపెట్టను.

మీరు కూడా మీ థెరపిస్టును అదే అడగండి. "అటెన్షన్ పెరుగుతుంది" లాంటి జవాబు సరిపోదు. "తనే చెప్పులు వేసుకుంటాడు", "చేతి మీద నీళ్లు పోస్తే ఏడవకుండా కడిగించుకుంటాడు" లాంటి, మీ కంటికి కనిపించే జవాబు కావాలి. లోపల కూర్చోనిస్తారా అని అడగండి. మొదట్లో కొన్ని రోజులు బిడ్డ కుదురుకోవడానికి బయట ఉండమనొచ్చు, అది వేరు. ఎప్పటికీ ఉండమంటే నేనైతే సెంటరు మారుస్తాను. నెలల ప్యాకేజీ డబ్బంతా ముందే కట్టమనే చోట కూడా జాగ్రత్త. చదువు అడగడానికి మొహమాటపడొద్దు. ఓటీ అంటే బీఓటీ (బ్యాచిలర్ ఆఫ్ ఆక్యుపేషనల్ థెరపీ) డిగ్రీ. స్పీచ్ థెరపిస్టుకు, స్పెషల్ ఎడ్యుకేటర్‌కు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నంబరు ఉండాలి. ఓటీలు ఆ కౌన్సిల్ కిందికి రారు, కాబట్టి మా దగ్గర ఆ నంబరు లేదని అనుమానపడకండి, డిగ్రీ చూపించమనండి.

ఒకటి ముందే అయిందో లేదో చూసుకోండి: వినికిడి పరీక్ష. "పిలిస్తే పలకడు" అనే ప్రతి బిడ్డకూ ఇది చేయాలి. చిన్నపిల్లలకు నిద్రలో చేసే బెరా పరీక్ష ఉంది. శబ్దానికి ఉలిక్కిపడుతున్నాడు కదా, చెవులు బాగానే ఉన్నాయిలే అని వదిలేయకండి.

ఇప్పుడు ఇంట్లో ఏం చేయాలో. మీరు రాసినదాన్ని బట్టి మీవాడు సోఫా మీది నుంచి దూకుతాడు, గోడకు గుద్దుకుంటాడు, గట్టిగా వాటేసుకుంటే నెమ్మదిస్తాడు. కండరాల నుంచి, కీళ్ల నుంచి వచ్చే ఒత్తిడి కొంతమంది పిల్లలకు ఎక్కువ కావాలి. అది దొరికితే కుదురుగా ఉంటారు. మేము దీన్ని హెవీ వర్క్ అంటాం. దీనికి సామాన్లు కొనక్కర్లేదు. పల్లెటూరి ఇంట్లో ఇది దండిగా ఉంటుంది. చిన్న బిందెలో సగం నీళ్లు పోసి చెట్ల దాకా మోయించండి. తడి బట్టల బకెట్టును మీరొక పక్క, వాడొక పక్క పట్టుకుని తీసుకెళ్లండి. చపాతీ పిండి పిసకనివ్వండి. సంగటి బాగా చల్లారాక ఒక ముద్ద వాడి చేతికిచ్చి ఉండ చేయమనండి. వాడు హాయిగా మోయగలిగినంత బరువే ఇవ్వండి. స్నానానికి, భోజనానికి కొంచెం ముందు ఇలాంటి పని ఒకటి పెడితే ఆ తర్వాత పని సులువవుతుంది.

చీర ఉయ్యాల ఉంటే ముందుకూ వెనక్కూ మెల్లగా ఊపండి, చాలామంది పిల్లలు నెమ్మదిస్తారు. గిరగిరా తిప్పితే ఉద్రేకం పెరుగుతుంది. ముఖం పాలిపోయినా, చెమటలు పట్టినా వెంటనే ఆపండి. ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే డాక్టరును అడగకుండా ఉయ్యాల జోలికి పోవద్దు.

శనక్కాయలు ఒలవడం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చంద్రగిరి వైపు నుంచి వచ్చే ఒక పాపకు వేళ్లలో బలం తక్కువ, గుండీ పెట్టుకోలేదు, ఎవరి ముఖమూ చూసేది కాదు. వాళ్ల అవ్వ రోజూ మధ్యాహ్నం వసారాలో కాయలు ఒలుస్తుంది. పాపను ఎదురుగా కూర్చోబెట్టుకోమన్నాను. అవ్వ కాయను సగం చిట్లించి ఇస్తుంది, పాప విప్పి గింజ తీస్తుంది. "నీకొకటి, నాకొకటి" అంటూ డబ్బాలో వేస్తారు. కొన్నాళ్లకు అవ్వ కావాలనే ఆగడం మొదలుపెట్టింది. పాప తల ఎత్తి అవ్వ ముఖం చూసి "నాకొకటి" అనేది. వేళ్ల బలం, వంతు కోసం ఆగడం, కళ్లలోకి చూడటం, మాట, నాలుగూ ఆ వసారాలోనే వచ్చాయి. నేను ఇంతకంటే మంచి సెషన్ గదిలో చేయించలేను. ఒక్క జాగ్రత్త: గింజలు గొంతులో అడ్డం పడే ప్రమాదం ఉంది. ఒలిచేటప్పుడు పక్కనే ఉండండి, గింజలు నోట్లో పెట్టుకోనివ్వద్దు.

మీ అత్తగారికి ఇలాంటి పని ఒకటి అప్పగించండి. "ఆటిజం అంటే ఇదీ" అని వాదించి ఒప్పించాలని చూడొద్దు. ఆమె చేతిలో మనవడు ఒక్క కొత్త పని చేసి చూపిస్తే ఆమే పక్కింటివాళ్లకు చెప్తుంది. వాళ్ల నాయనకు మాటలు ఆలస్యమైన సంగతి నిజమే కావచ్చు. అయినా ఆగి చూసే వయసు కాదిది. ఇప్పుడు సాయం అందిస్తే పోయేదేమీ లేదు, ఆగితే మాత్రం విలువైన కాలం పోతుంది.

జుట్టు కత్తిరింపు. మీరు దీని గురించే ఎక్కువ బాధపడుతూ రాశారు. తిరుమలలో పుట్టు వెంట్రుకల మొక్కు ఇంకా తీరలేదని, బాబు అరుపులకు క్షురకులే వెనక్కి తగ్గారని, చుట్టూ ఉన్నవాళ్లు నలుగురు పట్టుకోమన్నారని రాశారు. అలా పట్టుకుని చేయించొద్దు. కొంతమంది పిల్లలకు తల మీద తాకితే నొప్పిలాగే ఉంటుంది. మన చెవి పక్కన కత్తి గీరితే ఎలా ఉంటుందో వాళ్లకు చన్నీళ్లు, మిషన్ శబ్దం, రాలే వెంట్రుకలు అన్నీ కలిసి అలా ఉంటాయి. ఒకసారి బలవంతంగా చేయిస్తే తర్వాత దువ్వెన చూసినా పారిపోతాడు.

ఇంట్లో మొదలుపెట్టండి. వారం పాటు స్నానం ముందు మీ అరచేతులతో తలను గట్టిగా, నెమ్మదిగా అదిమి వదలండి. మెల్లగా నిమిరితే కితకితలు, చిరాకు. గట్టి ఒత్తిడి నచ్చుతుంది. తర్వాత ఆపేసి ఉన్న ట్రిమ్మర్ వాడి చేతికివ్వండి, బొమ్మకు కత్తిరించమనండి. మరికొన్ని రోజులకు పక్క గదిలో ట్రిమ్మర్ ఆన్ చేసి శబ్దం వినిపించండి. తర్వాత దగ్గరగా. తర్వాత నాన్న తలకు వాడి ఎదుటే కత్తిరించండి. ఆ తర్వాతే వాడికి, అదీ ఒక్క కుచ్చు. అంకెలు ఇష్టమైతే "పది లెక్కపెట్టేదాకా" అని చెప్పి పదికి కచ్చితంగా ఆపేయండి. మాట ఇచ్చిన చోట ఆపితేనే రేపు మళ్లీ కూర్చుంటాడు. మెడ చుట్టూ కప్పే గుడ్డ చాలామందికి నచ్చదు. పాత చొక్కాతోనే కానిచ్చేయండి. దీనికి రెండు మూడు నెలలు పట్టొచ్చు. కొందరికి ఇంకా ఎక్కువ.

మొక్కు ఆలస్యమైందన్న దిగులు వద్దమ్మా. మా దగ్గరి కుటుంబం ఒకటి ముందుగా మూడు కత్తెరలు మాత్రం ఇప్పించి, గుండు తర్వాత ఎప్పుడో చేయించింది. కొండకు వెళ్లేటప్పుడు రద్దీ తక్కువగా ఉండే రోజు చూసుకోండి. ఎక్కడికి వెళ్తున్నామో, ఏం జరుగుతుందో ముందు రోజే ఫొటోలు చూపించి చెప్పండి: బస్సు, మెట్లు, క్యూ, గుడి, లడ్డు, మళ్లీ బస్సు. గంగమ్మ జాతరకైనా అంతే. డప్పుల శబ్దానికి చెవులు మూసుకునే బిడ్డకు చెవులకు పెట్టే మఫ్స్ పెట్టండి, మేడ మీది నుంచి చూపించండి, వాడు తట్టుకోలేకపోయే ముందే ఇంటికి తీసుకొచ్చేయండి. పండగలకు దూరంగా దాచి పెంచక్కర్లేదు.

ఇక్కడే ఇంకో మాట. కావలసినది ఇవ్వలేదని ఏడ్చే మంకుపట్టు వేరు, తట్టుకోలేక కుప్పకూలడం వేరు. మొదటిదానిలో బిడ్డ మీరు చూస్తున్నారా అని చూస్తాడు, అడిగింది ఇస్తే ఆగిపోతాడు. రెండోదానిలో ఏం ఇచ్చినా ఆగడు, ఎవరినీ పట్టించుకోడు. అప్పుడు మాటలు, బుజ్జగింపులు, బెదిరింపులు అన్నీ ఇంకో శబ్దం అవుతాయి అంతే. లైటు తగ్గించి, జనాన్ని పంపేసి, దెబ్బ తగలకుండా చూసుకుంటూ పక్కన నిశ్శబ్దంగా కూర్చోండి. వాటేసుకోవడం వాడికి ఇష్టమైతేనే వాటేసుకోండి. "రెండు తగిలిస్తే దారికొస్తాడు" అనేవాళ్ల మాట ఏ పరిస్థితిలోనూ వినొద్దు.

తిండికి బలవంతం పనికిరాదు. పెరుగన్నం, మురుకులు తింటున్నాడు కదా, అక్కడి నుంచే అంగుళం జరపండి. పెరుగన్నంలో పావు చెంచా మెత్తటి పప్పు, రంగు కూడా మారనంత. ఆ మురుకుల ఆకారమే, ఇంకో పిండితో. కొత్త పదార్థం పళ్లెంలో ఒక మూల ఉంటే చాలు, ముట్టుకున్నా అది ముందడుగే. ఇలా తక్కువ రకాలు తినే పిల్లల్లో రక్తహీనత, మలబద్ధకం చాలా చూస్తాం. ఆ రెండూ ఉంటే చిరాకు, నిద్రలేమి పెరుగుతాయి. పిల్లల డాక్టరుకు ఒకసారి చూపించండి.

ఏ భాషలో మాట్లాడాలి? మీ ఇంట్లో తెలుగు, మీ అమ్మగారింట్లో తమిళం అన్నారు. ప్లేస్కూల్ వాళ్లు ఇంగ్లీషే మాట్లాడమన్నారని రాశారు. వద్దు. మీకు మనసులోంచి వచ్చే భాషలో మాట్లాడండి. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం ఉన్న పిల్లలకు మాటలు ఇంకా ఆలస్యమవుతాయనడానికి ఆధారం లేదు. చిన్న వాక్యాలు వాడండి: "నీళ్లు కావాలా? నీళ్లు." చెప్పి ఆగండి. మనం ఆగడం చాలా తక్కువ. ఫోన్ వల్ల ఆటిజం రాదు, టీకాల వల్లా రాదు. మీరేదో చేయడం వల్ల వచ్చింది కాదు. కానీ ఫోన్ చూసే గంటలో బిడ్డ ఎవరితోనూ మాట్లాడడు, అందుకే తగ్గించమంటాం.

స్టెమ్ సెల్ ఇంజెక్షన్లతో ఆటిజం నయమవుతుందని ఎవరో చెప్పారట. నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే ఆటిజానికి స్టెమ్ సెల్ చికిత్స సిఫార్సు చేయడం లేదని చెప్పింది. పొలం అమ్మి అటు వెళ్లకండి. గోధుమ, పాలు మానిపించే డైట్‌కు కూడా గట్టి ఆధారం లేదు. పెరుగన్నం మీద బతికే బిడ్డకు పెరుగు ఆపేస్తే ఏం మిగులుతుంది?

కాగితాల పని త్వరగా చేసుకోండి. ఆటిజం 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 వైకల్యాల్లో ఒకటి. సచివాలయంలో సదరం (వైకల్య సర్టిఫికెట్ కోసం చేసే పరీక్ష) స్లాట్ అడగండి. వైకల్యం 40 శాతం, ఆపైన అని వస్తే పింఛనుకు దరఖాస్తు చేయొచ్చు. 2024 జులై నుంచి అది నెలకు 6,000. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా లక్ష రూపాయల వరకు ఉంటుంది, థెరపీ ఖర్చుకు కూడా అందులో కొంత వస్తుంది. 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య ఆ చట్టంలోనే ఉంది. బాబును చేర్చుకోం అని ఏ స్కూలైనా అంటే వికలాంగుడన్న కారణం చెల్లదని గుర్తుచేయండి. మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం ఎక్కడుందో ఎంఈవో ఆఫీసులో అడగండి. సర్టిఫికెట్ తీసుకుంటే ముద్ర పడుతుందని మీ ఆయన భయపడుతున్నట్టున్నారు. ఆ కాగితం మీ బీరువాలో ఉంటుంది, అవసరమైన చోటే చూపిస్తారు.

మీ పాప గురించి ఒక్క లైనే రాశారు, "అక్క సర్దుకుపోతుంది" అని. ఏడేళ్ల పిల్ల సర్దుకుపోతోందంటే నాకు కొంచెం దిగులుగా ఉంటుంది. రోజుకు పావుగంట తమ్ముడు లేకుండా మీరూ తనూ మాత్రమే ఉండేలా చూడండి. ఆ సమయానికి బాబును నాన్న చూసుకోవాలి. "సాయం చేస్తారు" అని రాశారు మీరు. సాయం సరిపోదు, రోజులో ఒక పని, స్నానమో నిద్రపుచ్చడమో, పూర్తిగా ఆయనదై ఉండాలి. థెరపీకి నెలకు ఒక్కసారైనా ఆయన్నే తీసుకురమ్మనండి.

చివరగా, ఈ ప్లాన్ ఎప్పుడు మార్చాలి? మూడు నెలలు ఇంట్లో కూడా చేసి, అనుకున్న వాటిలో ఒక్కటీ కదలకపోతే థెరపిస్టుతో కూర్చుని లక్ష్యాలు మార్చండి. అప్పటికీ కదలకపోతే ఇంకో చోట చూపించండి. ఉన్న మాటలు పోవడం మొదలైనా, ఫిట్స్‌లా అనిపించినా, తల బాదుకుని గాయాలవుతున్నా మూడు నెలలు ఆగకుండా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పెద్ద అసెస్‌మెంట్ కావాలంటే మీకు దగ్గర వెల్లూరు సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆసుపత్రి. పాకాల నుంచి కాట్పాడి రైలు ఉంది కదా. అక్కడ పిల్లల ఎదుగుదలకు ప్రత్యేక విభాగం ఉంది. తల్లిదండ్రులు బిడ్డతో పాటు కొన్ని వారాలు ఉండి నేర్చుకునే నంబిక్కై నిలయం కూడా సీఎంసీదే. ఊరు మారడానికి పెట్టే డబ్బులో కొంత దానికి పెట్టినా మీకు ఎక్కువ ఉపయోగం.

ఈ వారానికి ఒక్క పని ఎంచుకోండి. అన్నీ ఒకేసారి మొదలుపెడితే టెన్షన్ పెరిగి అన్నీ ఆగిపోతాయి. నన్నడిగితే జుట్టు కన్నా ముందు శనక్కాయలు. రెండు వారాలు అత్తగారితో చేయించి, ఎలా ఉందో ఇక్కడే రాయండి. బాబు ఏ చేత్తో ఒలుస్తున్నాడు, ఎంతసేపు కూర్చుంటున్నాడు, ఎప్పుడు లేచి పోతున్నాడు అనేవి కూడా రాస్తే తర్వాత ఏం చేయాలో చెప్పగలను.